కింగ్ కౌంటీ సేవా కార్యక్రమాలు: ఆరేళ్లకోసారి ఓటు అడిగే లెవీల మీదే నడవాలా?

శ్రీకాంత్, రెడ్మండ్

మన కింగ్ కౌంటీలో (వాషింగ్టన్ రాష్ట్రంలో సియాటెల్ ఉన్న జిల్లా లాంటిది) పిల్లల సేవల కోసం ఉన్న బెస్ట్ స్టార్ట్స్ ఫర్ కిడ్స్ లెవీ, అంటే ఓటర్లు ఒప్పుకుంటే కొన్నేళ్లపాటు వేసే ప్రత్యేక ఆస్తి పన్ను, గడువు 2027 ఆఖరుకి అయిపోతుంది. కొనసాగాలంటే మళ్లీ ఓటర్లు ఒప్పుకోవాలి. "మళ్లీ ఆస్తి పన్నా?" అని మన గ్రూపుల్లో అప్పుడే మొదలైంది. వాట్సాప్‌లో రెండు ముక్కల్లో తేలే విషయం కాదని ఇక్కడ పెడుతున్నాను.

తెలియనివాళ్ల కోసం కాస్త వెనక్కి వెళ్తాను. మన కౌంటీలో మాజీ సైనికులకు, వృద్ధులకు, చిన్నపిల్లలకు, మానసిక సమస్యలతో ఉన్నవాళ్లకు అందే సేవల్లో చాలా భాగం మామూలు బడ్జెట్ నుంచి రాదు. ఒక్కో పనికి ఒక్కో లెవీ ఉంది. మాజీ సైనికులు, ఇతర సేవల లెవీ 2005లో మొదలైంది. 2017లో అందులో వృద్ధుల్ని కూడా చేర్చి రేటు పెంచారు, 2023లో మళ్లీ పొడిగించారు. పిల్లల లెవీ 2015లో వచ్చింది, 2021లో పెరిగింది. 2023 ఏప్రిల్‌లో, మానసిక సంక్షోభంలో ఉన్నవాళ్లను వెంటనే చూసే క్రైసిస్ కేర్ సెంటర్ల లెవీ వచ్చింది. అదొక్కటే తొమ్మిదేళ్లది, మిగతావి ఆరేళ్లవి.

ఇంటి విలువలో ప్రతి వెయ్యి డాలర్లకు మొదటి ఏడాది రేట్లు ఇవి: వృద్ధులు, మాజీ సైనికుల లెవీకి 10 సెంట్లు, పిల్లలదానికి 19, క్రైసిస్ సెంటర్లకు 14.5. పన్నెండు లక్షల డాలర్ల ఇంటికి వరసగా 120, 228, 174 అవుతాయి, మొత్తం 522 డాలర్లు. ఇళ్ల విలువలు పెరిగిన కొద్దీ రేటు కిందికి జరుగుతుంది కాబట్టి ఇప్పటి బిల్లులో అంకెలు వేరుగా ఉంటాయి.

ఆ డబ్బు ఇవ్వడానికి నాకే ఇబ్బందీ లేదు. పద్ధతే నాకు నచ్చదు. ముసలితనం ఆరేళ్లలో పోదు, మాటలు రాని పిల్లాడికి థెరపీ అవసరం ఎన్నికల తేదీ చూసుకుని రాదు. జైలు, కోర్టు రోజూ నడపడానికి ఎవరి ఓటూ అడగరు. నర్సు ఇంటికొచ్చి పసిబిడ్డను చూడటానికి మాత్రం ఆరేళ్లకోసారి జనం ముందు చెయ్యి చాపాలా? ఇవన్నీ మామూలు బడ్జెట్‌లో శాశ్వతంగా ఉండాలని నా వాదన.

వెంకట్, సమ్మమిష్

శ్రీకాంత్ గారూ, పద్ధతి సంగతి తర్వాత. ముందు లెక్క తేలాలి. ఈ సేవలు చూసే శాఖ మీద 2025లో కౌంటీ ఆడిటరే రిపోర్టు ఇచ్చారు. కొన్నేళ్లలో గ్రాంట్లు ఎన్నో రెట్లు పెరిగినా వాటి మీద నిఘా మాత్రం పెరగలేదని, చెల్లించకూడని చెల్లింపులు కొన్ని జరిగాయని అందులో ఉంది. ప్రతిపక్షం వాళ్లో పన్ను వ్యతిరేకులో చెప్పింది కాదు, కౌంటీ సొంత ఆడిటర్ చెప్పింది. అది సరిదిద్దకుండా ఇంకో ఆరేళ్లకు అవునని ఎలా అంటాం?

ఇంకోటి. ఆస్తి పన్ను జీతం చూసి వెయ్యరు. ఉద్యోగం పోయిన నెలలో కూడా అదే బిల్లు. మా వీధిలో లేఆఫ్ అయిన ఇళ్లు ఉన్నాయి, వాళ్ల టెన్షన్ నేను చూస్తున్నాను. పైగా ఇందులో మనవాళ్లకు వచ్చేది ఏముంది? ఒక ఆరేళ్ల విడత ఆపండి, ఇల్లు చక్కబెట్టుకోండి, అప్పుడు అడగండి అంటాను.

భార్గవి, కిర్క్‌లాండ్

శ్రీకాంత్ గారి కోరిక న్యాయమైనదే గానీ మామూలు బడ్జెట్ పరిస్థితి చూస్తే భయం వేస్తుంది. ఈ రాష్ట్రంలో కౌంటీ మామూలు ఆస్తి పన్ను రాబడి, కొత్త కట్టడాల మీద వచ్చేది తీసేస్తే, ఏడాదికి ఒక శాతానికి మించి పెరగకూడదు. 2001లో ఓటర్లు తెచ్చిన నియమం ఇది. 2007లో రాష్ట్ర సుప్రీంకోర్టు కొట్టేస్తే, అదే ఏడాది శాసనసభ ప్రత్యేకంగా సమావేశమై మళ్లీ పెట్టింది. మీ ఇంటి విలువ ఇరవై శాతం పెరిగినా కౌంటీకి వచ్చేది ఆ ఒక్క శాతమే ఎక్కువ. జీతాలు, ఇన్సూరెన్సు, అద్దెలు మూడు నాలుగు శాతం పెరుగుతాయి. అంటే ఏ తప్పూ చెయ్యకుండానే బడ్జెట్ ప్రతి ఏడూ కాస్త కాస్త చిక్కిపోతుంది.

ఉన్నదాంట్లోనూ చాలా భాగం షెరిఫ్, జైలు, కోర్టులు, ప్రాసిక్యూటర్ల ఖర్చే. అవి చట్టం ప్రకారం నడపాల్సినవి. వాటికే చాలక 2025లో కౌంటీ కౌన్సిల్ 0.1 శాతం సేల్స్ టాక్స్ కూడా వేసింది. సేల్స్ టాక్స్ బరువు తక్కువ సంపాదించేవాళ్ల మీదే ఎక్కువ పడుతుందని అందరికీ తెలుసు. అలాంటి మామూలు బడ్జెట్ కుండలో వృద్ధుల భోజనాల డబ్బు కలిపితే, లోటు వచ్చిన మొదటి ఏడాదే కోత పడేది దానికే. జైల్లో ఖైదీకి తిండి ఆపలేరు. సీనియర్ సెంటర్‌కి మధ్యాహ్నం వ్యాను ఆపగలరు, ఆపుతారు.

లెవీ అంటే నాకు చేను చుట్టూ కంచె. ఆ డబ్బు ఇంకో పనికి పోదు. అందుకే ప్రతిసారీ ఓటు గెలుస్తోంది, ఏ పేరు మీద ఇస్తున్నామో జనానికి తెలుస్తోంది కాబట్టి.

రాఘవ, రెంటన్

నేను ఇక్కడికి రాకముందు చాలా ఏళ్లు పిట్స్‌బర్గ్‌లో ఉన్నాను, అంటే అలెగెనీ కౌంటీ. అక్కడ పద్ధతి వేరు, అందుకే చెప్తున్నాను. పెన్సిల్వేనియాలో ఈ సేవల డబ్బులో పెద్ద భాగం రాష్ట్రం నుంచి కౌంటీకి వస్తుంది. 2012 ముందు మానసిక ఆరోగ్యానికి ఒక ఖాతా, మేధో వైకల్యానికి ఒకటి, మత్తు అలవాట్ల చికిత్సకు ఒకటి, ఇల్లు లేనివాళ్లకు ఇంకోటి, ఇలా విడివిడిగా వచ్చేది. ఒక ఖాతాలో డబ్బు మిగిలినా, పక్క ఖాతాలో క్యూ పెరిగినా, ఇటుది అటు మార్చడానికి లేదు. 2012లో బ్లాక్ గ్రాంట్ తెచ్చి మొదట 20 కౌంటీలకు, తర్వాత 30కి, అన్నీ ఒకే సంచిలో వేసి వాడుకునే వీలిచ్చారు. దానికి కౌంటీ ఏటా ప్రణాళిక రాసి, బహిరంగ విచారణ పెట్టి, రాష్ట్రానికి పంపాలి.

వినడానికి బావుంది కదా. కానీ ఆ వెసులుబాటుతో పాటే మొత్తం డబ్బులో పది శాతం కోత కూడా వచ్చింది. "మీకు స్వేచ్ఛ ఇచ్చాం, తక్కువతో సర్దుకోండి" అన్నట్టు. ఒకే సంచి అయినప్పుడు కోత పెట్టడం కూడా తేలిక, ఏ ఒక్క వర్గం పేరూ బయటికి రాదు. భార్గవి గారి కంచె మాటతో అందుకే నేను ఏకీభవిస్తాను. అయితే కంచె మధ్యలో ఒక గేటు కూడా ఉండాలి. ఒక లెవీలో మిగులుండగా ఇంకో చోట జనం ఎదురుచూడటం నేను అక్కడ చూశాను, ఇక్కడా అదే చూడాల్సి వస్తే బాధగా ఉంటుంది.

సుధ, బెల్‌వ్యూ

మేం ఇంకా హెచ్‌వన్ మీదే ఉన్నాం. ఇల్లు కొన్నాం, పన్ను కడుతున్నాం, ఓటు లేదు. మాలాంటివాళ్లు ఈ చర్చలో ఎక్కడ నిలబడాలి? ఊరికే చదివి ఊరుకోవాలా?

లక్ష్మీనారాయణ, ఇసాక్వా

బాబూ వెంకట్, మనవాళ్లకు ఏం వస్తుంది అని అడిగావు గనక రాస్తున్నాను. నేను మా అబ్బాయి దగ్గరికి గ్రీన్‌కార్డు మీద వచ్చాను. 1996 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం నాలాంటివాడికి మొదటి అయిదేళ్లు మెడికెయిడ్ (తక్కువ ఆదాయం వాళ్లకు ప్రభుత్వం ఇచ్చే వైద్య బీమా) లాంటివి దాదాపు దొరకవు. అది తప్పని అనడం లేదు, కొడుకు స్పాన్సర్ చేశాడు, చూసుకుంటున్నాడు. కానీ పొద్దున ఎనిమిదింటికి అందరూ వెళ్లిపోయాక సాయంత్రం దాకా ఇంట్లో నేను, టీవీ. కారు నడపను. బస్సు స్టాపు కొండ దిగితే గానీ లేదు.

మా పక్కింటి కొరియా ఆవిడ చెబితే సీనియర్ సెంటర్‌కి వెళ్లాను. వ్యాను ఇంటికే వస్తుంది. మధ్యాహ్నం భోజనం పెడతారు. కౌంటర్ దగ్గర ఒకావిడ నా ప్లేటు చూసి, సూపులో కోడి ఉందని చేత్తో వద్దని సైగ చేసి, లోపలికి వెళ్లి బీన్సు, అన్నం తెచ్చి పెట్టింది. తర్వాతి వారం నుంచి నేను వరసలో నిలబడగానే అదే తెస్తోంది. ఇప్పుడు కిటికీ పక్క బల్ల మాది. ఒక గుంటూరాయన, ఒక ఖమ్మం దంపతులు, ఒక తమిళ మాస్టారు, నేను. బీపీ చూసే నర్సు కూడా వస్తుంది. నా మందుల చీటీ చూసి, ఒకే పని చేసే మాత్రలు రెండు వేసుకుంటున్నానని పట్టుకున్నది ఆ అమ్మాయే. ఈ వ్యానుకీ ఆ నర్సుకీ వృద్ధుల లెవీ నుంచి కొంత వస్తుందని వాళ్లే చెప్పారు. నా వీసా కాగితాలు ఎవరూ అడగలేదు.

మన ఆంధ్రాలో ఒకటో తారీఖున పింఛను చేతిలో పెడతారు, కాబట్టి ప్రభుత్వం ఇచ్చిందని తెలుస్తుంది. ఇక్కడ మనిషికి డబ్బివ్వరు, సంస్థకు కాంట్రాక్టిస్తారు. అందుకే ఎవరికి ఏం అందుతోందో మన కళ్లకు కనబడదు. అరవై ఒకటి నిండి, ఆదాయం తక్కువ ఉండి, సొంత ఇల్లున్న పెద్దలకు ఆస్తి పన్నులో మినహాయింపు ఉందన్నది కూడా మనవాళ్లలో చాలామందికి తెలియదు. ఉన్నవాళ్లు అప్లై చేసుకోండి నాయనా.

వెంకట్, సమ్మమిష్

బాబాయ్ గారూ, మీ మాట కాదనలేను. ఆ వ్యాను ఆగాలని నేను కోరుకోవడం లేదు. నాకు కావలసింది ఆ వ్యానుకు వెళ్లే డాలరు వ్యానుకే వెళ్లిందన్న భరోసా. ఆడిట్ చెప్పింది అది లేదనే కదా.

పద్మజ, కెంట్

నేను ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో అకౌంట్స్ చూస్తాను, దక్షిణాన. కౌంటీ, సిటీ, రాష్ట్రం, మూడు వైపుల నుంచీ మాకు కాంట్రాక్టులు ఉన్నాయి. ఏది ఏ శాఖదో చెప్పను. డబ్బు నిజంగా ఎలా కదులుతుందో మాత్రం చెప్తాను, అది తెలియకుండా ఈ వాదన తెగదు.

లెవీ గెలిచింది అనగానే మాకు చెక్కు రాదు. ఓటుకు పెట్టే ఆర్డినెన్స్‌లో (కౌంటీ చేసే చట్టంలో) పెద్ద పెద్ద వాటాలు మాత్రమే ఉంటాయి. మొదటి పిల్లల లెవీలో పుట్టుక నుంచి అయిదేళ్ల దాకా సగం, ఆ పైన 24 ఏళ్ల వరకు 35 శాతం, స్థానిక సముదాయాలకు పది, మూల్యాంకనానికి అయిదు అని ఉండేది. ఏ పనికి ఎంత అన్న వివరాలు తర్వాత అమలు ప్రణాళికలో రాస్తారు, కౌన్సిల్ ఆమోదిస్తుంది. ఆ తర్వాత దరఖాస్తులు పిలుస్తారు, మార్కులు వేస్తారు, కాంట్రాక్టు మీద సంతకాలు అవుతాయి. మామూలుగా ముందు మేం ఖర్చు పెట్టాలి, నెలాఖరున బిల్లు పంపాలి, అప్పుడు ఇస్తారు.

మొన్నామధ్య ఒక బిల్లు వెనక్కి వచ్చింది. ఇళ్లకు వెళ్లే మా అమ్మాయి ఒకరోజు మైలేజీ కాగితంలో బయలుదేరిన చోటు రాయలేదు. పదకొండు డాలర్ల చిల్లర. దానికోసం మొత్తం నెల బిల్లు, నలుగురి జీతాలు సహా, ఆగిపోయింది. పెద్ద సంస్థయితే బ్యాంకులో నిల్వ ఉంటుంది, నెట్టుకొస్తుంది. మా డైరెక్టర్ తన క్రెడిట్ కార్డు మీద ఆఫీసు అద్దె కట్టింది. అదే ఏడాది ఇంకో కాంట్రాక్టులో మేం పంపిన మొత్తానికి ఒక్క రసీదు కూడా అడగలేదు. వెంకట్ గారూ, ఆడిటర్ చెప్పిన బలహీనత నాకు ఆశ్చర్యం కలిగించలేదు. నిఘా ఒక చోట ఊపిరాడనివ్వదు, ఇంకో చోట ఉండదు. సోమాలీ తల్లులతో, పంజాబీ లారీ డ్రైవర్ల కుటుంబాలతో పనిచేయగలిగేది చిన్న సంస్థలే. పెద్దవాళ్లకే కాంట్రాక్టులు ఇస్తే కాగితాలు చక్కగా ఉంటాయి, ఆ ఇళ్ల తలుపులు మాత్రం తెరుచుకోవు. చిన్నవాళ్లకిచ్చి లెక్కలు నేర్పకుండా వదిలేస్తే ఆడిట్‌లో దొరుకుతారు. లెక్కలు రాసే మనిషి జీతం కూడా కాంట్రాక్టులో పెట్టాలి. అది మాత్రం "ఓవర్‌హెడ్" అని అందరికీ చేదు.

శ్రీకాంత్, రెడ్మండ్

పద్మజ గారూ, మీరు చెప్పింది నా వాదనకే బలం అనుకుంటున్నాను. ఆరేళ్లకోసారి ఏం జరుగుతుందో తెలియని సంస్థ మంచి అకౌంటెంట్‌ను ఎలా నిలుపుకుంటుంది? అయిదో ఏడు రాగానే మీ వాళ్లు వేరే ఉద్యోగాలు వెతుక్కోవడం మొదలుపెట్టరూ?

పద్మజ, కెంట్

పెడతారు. లెవీ చివరి ఏడాది మా ఆఫీసులో ఇద్దరు మానేశారు. ఆ లెవీ తర్వాత గెలిచింది, వాళ్లు మాత్రం తిరిగి రాలేదు. మీ బాధ నిజమే. కానీ ఒక శాతం పరిమితి ఉన్నంతకాలం మామూలు బడ్జెట్‌లో చోటడగడం అంటే మునిగే పడవలో సీటు అడగడమే. ఆ పరిమితి మార్చేది రాష్ట్ర రాజధాని ఒలింపియాలో, కౌంటీలో కాదు. దానికోసం మన శాసనసభ్యులకు రాయండి, నేనూ రాస్తాను. 2027 దానికోసం ఆగదు.

వెంకట్ గారూ, ఒక విడత ఆపితే ఏమవుతుందో కూడా చెప్పాలి. డబ్బు ఆగితే ముందు మూతపడేవి మాలాంటివే. మళ్లీ తెరిచేటప్పటికి మిగిలేది పెద్ద సంస్థలే. మీరు కోరే జవాబుదారీ దానివల్ల రాదు. లెవీకి అవునని ఓటేసి, ప్రణాళిక రాసే దశలో గట్టిగా పట్టుకోండి. చిన్న కాంట్రాక్టులకు మొదటి రెండు నెలల డబ్బు ముందుగా ఇవ్వాలి, బిల్లు పంపిన ముప్పై రోజుల్లో చెల్లించాలి, ఏ రసీదులు కావాలో అన్ని కాంట్రాక్టులకూ ఒకే జాబితా ఉండాలి, ఆడిటర్ సూచనల్లో ఎన్ని అమలయ్యాయో ఓటుకు ముందే బయటపెట్టాలి. చివరిది మీరు అడగండి, నేను మీ పక్కనే నిలబడి అడుగుతాను.

సుధా, నీ ప్రశ్నకు ఇంతదాకా ఎవరూ జవాబివ్వలేదు. కౌన్సిల్ విచారణలో మాట్లాడటానికి ఓటు హక్కు అక్కర్లేదు, వీసా ఏదని అడగరు. రాతపూర్వకంగా కూడా పంపొచ్చు. మీ బెల్‌వ్యూ సిటీకి సొంత హ్యూమన్ సర్వీసెస్ కమిషన్ ఉంది, ఊళ్లో అవసరాల మీద వాళ్లు రిపోర్టు కూడా వేస్తారు. అందులో తెలుగు వృద్ధుల గురించి ఒక్క పేరా రావాలన్నా ఎవరో ఒకరు వెళ్లి చెప్పాలి. లక్ష్మీనారాయణ గారు ఇక్కడ రాసింది నువ్వు ఇంగ్లిషులో పెట్టి ఇస్తే, ఆయన ఒప్పుకుంటే, నేను కౌన్సిల్‌కు నా లేఖతో జతచేసి పంపుతాను.

లక్ష్మీనారాయణ, ఇసాక్వా

పంపండమ్మా. మైకు ముందుకు రమ్మన్నా వస్తాను, వ్యాను దొరికితే. నర్సు సంగతి మాత్రం తప్పక రాయండి.