బల్లార్షాలో సొంతిల్లు: వేడి, దుమ్ము లోపలికి రాకుండా ఎలా కట్టాలి?

బల్లార్షా (అడిగినవారు; అందరూ తమ ఊరి పేరుతోనే రాశారు): మాది మహారాష్ట్ర. కాంట్రాక్టర్ లేకుండా నేనే దగ్గరుండి కట్టించుకుంటున్నాను. ఏఏసీ బ్లాకులతో (లోపల గాలి బుడగలుండే తేలికైన సిమెంటు దిమ్మెలు) గోడలు లేచాయి, స్లాబ్ వచ్చే నెల. మేలో 46, 47 డిగ్రీలు మామూలే, పైగా బొగ్గు దుమ్ము. సందుల్లేకుండా బిగుతుగా ఉండాలి. స్లాబ్ మీద ఏం వేయాలి? కిటికీలు స్లైడింగా, రెక్కలవా? వైరింగ్ పైపుల సంగతేంటి?

రాజురా: ఏఏసీ వద్దని ముందే అడిగి ఉంటే చెప్పేవాణ్ణి. మా ఇంట్లో రెండేళ్లకే పగుళ్లు. తలుపు పక్క పగులులో రూపాయి బిళ్ల దూరుతుంది.

బరంపురం మేస్త్రి: 22 ఏళ్లుగా ఇళ్లు కడుతున్నాను. తప్పు బ్లాకుది కాదు. ఇటుకలా నానబెట్టి ఉంటారు. దాన్ని పైపైన తడిపితే చాలు. అతుకు 3 మిల్లీమీటర్లే, దానికి వేరే జిగురు మసాలా ఉంటుంది. బీము కింద కాస్త సందు వదిలి, ఉబ్బి సందు నింపే ఫోమ్ కొట్టాలి. మీవాళ్లు అక్కడ సిమెంటు కూరి ఉంటారు.

రాజురా: గురువుగారూ, మా ఇల్లు చూశారా? ఒక్క బ్లాకూ నానబెట్టలేదు. రోజూ అక్కడే కూర్చుని చూశాను.

బరంపురం మేస్త్రి: అయితే పునాది చూడండి. మీది నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. దాని మీద ఏ గోడైనా పగులుతుంది.

రాజురా: ఆ ముక్క ముందే అనొచ్చుగా. చూడకుండా మావాళ్లను తప్పుపట్టడం దేనికి?

సిరొంచ: అన్నా, గోడల గొడవ ఆపండి. ఎండాకాలం నిప్పులు కురిసేది స్లాబ్ నుంచి. నేను సున్నం రెండు పూతలు వేశాను. అర్ధరాత్రి దాకా ఫ్యాన్ వేడిగాలి కొట్టేది, అది తగ్గింది. నదికి అవతల తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ (ఎండను తిప్పికొట్టే పైకప్పు) విధానమే తెచ్చింది. బొగ్గు దుమ్ము పడితే తెలుపు పోతుంది కనుక మీరు ఏటా కడిగి మళ్లీ వేయాలి. డబ్బుంటే వాటర్‌ప్రూఫింగ్ మీద 50 మిల్లీమీటర్ల ఎక్స్‌పీఎస్ షీటు (వేడిని ఆపే గట్టి ఫోమ్ పలక), దానిపై కాంక్రీటు, ఆపైన తెల్ల టైలు.

ధర్మాబాద్: అసలు బిగుతు ఎందుకు? కూలర్ పెడితే ఎదురు కిటికీ తీయాల్సిందే. లేకపోతే గాలి తడెక్కి ఒళ్లంతా జిడ్డు. బిగుతు ఏసీ ఇళ్లకే.

బల్లార్షా: నాది కూలరే.

ధర్మాబాద్: మరి ఈ ఖర్చంతా దండగ.

పర్లాకిమిడి: దండగ కాదండీ. తీసినప్పుడు పూర్తిగా తెరుచుకోవాలి, మూస్తే పూర్తిగా మూసుకోవాలి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను వచ్చినప్పుడు మా స్లైడింగ్ కిటికీల పట్టాల్లోంచి నీళ్లు ఎగజిమ్మాయి. ఇంట్లో ఉన్న తువ్వాళ్లన్నీ కూరినా ఆగలేదు. ఇప్పుడు రబ్బరు బీడింగ్ ఉన్న రెక్కల కిటికీలు పెట్టించాం.

ధర్మాబాద్: మాకు తుపాన్లు రావమ్మా.

పర్లాకిమిడి: దుమ్ము వస్తుందిగా!

సెమిలిగూడ: మా కొరాపుట్ కొండల్లో డిసెంబరు చలికి ఇంకో ప్రమాదం. పక్కింటివాళ్లు కిటికీలన్నీ మూసి లోపల బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకున్నారు. తెల్లారి లేవలేకపోతే తలుపు బద్దలుకొట్టి ఆస్పత్రికి తీసుకెళ్లాం. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. బిగుతు ఇంట్లో కుంపటి పెట్టకండి, దండం పెడతాను.

రాజురా: మేస్త్రిగారూ, నల్లరేగడికి పునాది ఎలా వేయాలో చెప్పండి. మా తమ్ముడు కట్టబోతున్నాడు.

బరంపురం మేస్త్రి: ఉబ్బే మట్టి ఎంత లోతుందో ముందు తవ్వించి చూడాలి. లోతుగా ఉంటే అండర్‌రీమ్డ్ పైల్స్, అంటే అడుగున ఉబ్బెత్తుగా ఉండి లోతుకు దిగే కాంక్రీటు స్తంభాలు. దానికి ఇంజనీరు డిజైన్ ఉండాల్సిందే.

రాయగడ: వైరింగ్ గురించి అడిగారు, ఎవరూ చెప్పలేదు. మా ఇల్లు పూర్తయ్యాక తలుపులు, కిటికీలు మూసి, వంటింటి ఎగ్జాస్ట్ వేసి, వెలిగించిన అగరుబత్తితో గదులన్నీ తిరిగాను. కిటికీల దగ్గర పొగ నిటారుగానే లేచింది. స్విచ్ బోర్డు దగ్గర మాత్రం ఒక్కసారిగా గదిలోకి వంగింది. మేడ మీద తెరిచి వదిలేసిన పైపులోంచి దిగుతోంది గాలి.

బల్లార్షా: అక్కా, రేపే ఎలక్ట్రీషియన్ వస్తున్నాడు. ఆ పైపు మూతి దేనితో మూశారు?

రాయగడ: వైర్లు లాగాక సిలికాన్‌తో. ఫోమ్ ఎండకు పొడిపొడిగా రాలిపోయింది.