స్ప్రెడ్‌షీట్‌లో బంతి 1 సెకనుకు 4.41 మీటర్లే పడుతోంది, ఎందుకు?

గాజువాక_ఫిజిక్స్:
తొమ్మిదో తరగతికి స్వేచ్ఛాపతనం చూపిద్దామని ఎక్సెల్‌లో చిన్న సిమ్యులేషన్ కట్టాను. మూడు నిలువు వరుసలు: కాలం, వేగం, పడిన దూరం. ఒక్కో అడుగు 0.1 సెకను. కొత్త వేగం = పాత వేగం + 9.8 (గురుత్వ త్వరణం) × 0.1. కొత్త దూరం = పాత దూరం + పాత వేగం × 0.1. 1 సెకను దగ్గర వేగం 9.8 సరిగ్గానే వస్తోంది, దూరం మాత్రం 4.9 రావట్లేదు. ఎక్కడ తప్పు?

మధురవాడ_లెక్కలు:
ఫార్ములా తప్పు కాదండి, కాలాన్ని చిన్న ముక్కలుగా కోసి అడుగడుగునా లెక్కించే ఈ ఆయిలర్ పద్ధతి స్వభావమే అంత. ముక్క పొడవునా వేగం పెరుగుతుంటే మీరు ముక్క మొదట్లోని వేగంతోనే గుణిస్తున్నారు. మొదటి అడుగు చూడండి: వేగం సున్నా, కాబట్టి బంతి కదలనే లేదు. నిజానికి 4.9 సెం.మీ. పడాలి. ప్రతి ముక్కలోనూ అదే తరుగు, పది ముక్కలకి 49 సెం.మీ. కొత్త వేగంతో గుణిస్తే 5.39 వస్తుంది. రెండింటి సగటు తీసుకుంటే కచ్చితంగా 4.9, ఎందుకంటే ఇక్కడ త్వరణం మారదు. గాలి నిరోధం చేరిస్తే సగటు కూడా పూర్తిగా సరిపోదు, అడుగు 0.01కి దించాల్సిందే.

ఎంవీపీ_ల్యాబ్:
నన్నడిగితే ఆ 4.41ని దిద్దకుండానే పిల్లల ముందు పెట్టండి మేడమ్. ముందు ఎంత వస్తుందో నోటుబుక్కులో రాయించి, ఆ తర్వాతే ఎంటర్ నొక్కండి. వేగం–కాలం గ్రాఫు గీయిస్తే గీత కింద మెట్లు, మెట్లకీ గీతకీ మధ్య పది బుల్లి త్రిభుజాలు కనిపిస్తాయి. లెక్కలో తగ్గిన దూరం అక్కడే ఉంది. ఫెట్ (PhET) సైట్‌లోని రెడీమేడ్ సైన్స్ సిమ్యులేషన్లు బాగుంటాయి గానీ లోపలి లెక్క కనబడదు.

నిజం బంతితో పోల్చాలంటే ఫోన్ వీడియో చాలు, అయితే సెకనుకు 30 ఫ్రేములతో తీయకండి. 1.5 మీటర్ల నుంచి వదిలితే నేల దగ్గర ఒక్కో ఫ్రేముకి 18 సెం.మీ. జరిగి చారలా పడుతుంది. 240 ఫ్రేముల స్లో మోషన్ పెట్టండి. స్కేలు బంతి పడే తలంలోనే ఉండాలి. కెమెరాకి 2 మీటర్ల దూరంలో బంతి, దాని వెనక అర మీటరులో గోడకి స్కేలు ఉంటే దూరాలన్నీ 25 శాతం ఎక్కువ చూపిస్తాయి. ప్లాస్టిక్ బంతి వద్దు, క్రికెట్ బంతి వాడండి. సాయంత్రం సముద్రపు గాలిలో ఆరుబయట అసలే వద్దు.

గాజువాక_ఫిజిక్స్:
త్రిభుజాల సంగతి బాగుంది, థాంక్సండి. చంద్రుడి మీద పడేలా కూడా మార్చొచ్చా?

మధురవాడ_లెక్కలు:
9.8ని ఫార్ములాల్లో నేరుగా టైప్ చేయకుండా విడిగా ఒక గడిలో పెట్టి, డాలర్ గుర్తులతో బిగించండి. లేకపోతే ఫార్ములా కిందికి లాగినప్పుడు ఆ గడి కూడా జారిపోయి వేగం పెరగడం ఆగిపోతుంది. ఆ తర్వాత అక్కడ చంద్రుడి గురుత్వ త్వరణం 1.62 వేయడమే.