అప్‌డేట్: కోల్డ్ టియర్‌లోకి డేటా చేరుతోంది

పరిశ్రమల యంత్రాల డేటాను సేకరించే అమెజాన్ క్లౌడ్ సేవ ఏడబ్ల్యూఎస్ ఐఓటీ సైట్‌వైజ్‌లోని సెన్సర్ రీడింగులు మా ఎస్3 బకెట్‌కు (అమెజాన్ క్లౌడ్‌లో ఫైళ్లు దాచుకునే చోటుకు) చేరేలా కోల్డ్ టియర్‌ను (అరుదుగా వాడే డేటాను తక్కువ ఖర్చుతో దాచే నిల్వను) ఆన్ చేసినా బకెట్ ఖాళీగానే ఉంటోందని గతంలో అడిగాను. ఆ సమస్య ఇప్పుడు తీరింది. పొరపాటు నాదే. బకెట్‌ను మేమే నిర్వహించుకునే కేఎంఎస్ (ఏడబ్ల్యూఎస్‌లో ఎన్‌క్రిప్షన్ కీల సేవ) కీతో ఎన్‌క్రిప్ట్ చేశాం గానీ, సైట్‌వైజ్ వాడుకునే ఐఏఎం రోల్‌కు (ఏడబ్ల్యూఎస్‌లో ఏ పనులకు అనుమతి ఉందో చెప్పే గుర్తింపుకు) బకెట్‌లో రాసే అనుమతి మాత్రమే ఇచ్చి, ఆ కీతో డేటా కీని (ఫైళ్లను ఎన్‌క్రిప్ట్ చేసే కీని) తయారు చేసుకునే అనుమతినీ, డీక్రిప్ట్ అనుమతినీ ఇవ్వడం మరిచాను. అవి చేర్చాక కూడా వెంటనే ఏమీ కనిపించకపోవడంతో కంగారుపడి సెట్టింగులన్నీ మళ్లీ తిరగేశాను; తీరా చూస్తే, డేటా కోల్డ్ టియర్‌కు 6 గంటలకు ఒకసారి మాత్రమే వెళుతుంది. ఫైళ్లు ఆవ్రో అనే డేటా ఫైల్ ఫార్మాట్‌లో వస్తున్నాయి.

హాట్ టియర్‌లో (తాజా డేటాను వెంటనే అందుబాటులో ఉంచే సైట్‌వైజ్ నిల్వలో) నిల్వ గడువు 7 రోజులు చాలని కొందరు సూచించారు గానీ, అక్కడ కనీస పరిమితి 30 రోజులు. సెకనుకు ఒక రీడింగ్ పంపే సెన్సర్ ఒక్కటే రోజుకు 86,400 చొప్పున 30 రోజుల్లో 25,92,000 విలువలను పోగుచేస్తుంది కనుక, నేను ఆ కనీస గడువునే ఎంచుకున్నాను. గడువు దాటిన డేటా హాట్ టియర్ నుంచి తొలగిపోతుంది కాబట్టి, బకెట్‌లోని ఫైళ్లను తెరిచి సరిచూసుకున్న తర్వాతే ఆ సెట్టింగును సేవ్ చేశాను.