సోలాపూర్ నుంచి ద్రాక్ష తోటల దారిలో ఐదు రోజులు: నాసిక్ దాకా పోవాలా, అక్లూజ్ చాలా?

పూర్వభాగ్ టవల్

అందరికీ నమస్కారం. మాది సోలాపూర్ పూర్వభాగ్, టవల్ మగ్గాలు. వచ్చే ఫిబ్రవరికి మా పెళ్ళై పాతికేళ్ళు నిండుతాయి. ఇన్నేళ్ళలో తిరుపతి, వేములవాడ, చుట్టాల పెళ్ళిళ్ళు తప్ప మేమిద్దరం ఊరికే తిరగడానికి ఎక్కడికీ పోలేదు. ఈసారి ఐదు రోజులు మగ్గాలు తమ్ముడికి అప్పజెప్పి, కారు తీసుకుని ద్రాక్ష తోటలు, వైన్ తయారుచేసే వైనరీలు చూస్తూ నెమ్మదిగా తిరుగుదామని ఉంది. అన్న, వదిన కూడా వస్తామన్నారు. మొత్తం నలుగురం. కారు నేనే నడుపుతా.

మొదటి రోజు తెల్లవారుజామున బయలుదేరి అహిల్యానగర్ (పాత అహ్మద్‌నగర్), షిర్డీ మీదుగా సాయంత్రానికి నాసిక్ చేరాలి. రెండో రోజు, మూడో రోజు మూడేసి వైనరీలు. నాలుగో రోజు పుణె మీదుగా దిగి బారామతి వైపు రోటీ ఘాట్ దగ్గర ఉన్న తోట. ఐదో రోజు మనకు దగ్గర్లోని అక్లూజ్ వైన్ తోటలు చూసుకుని రాత్రికి ఇల్లు. నాసిక్ చూడకపోతే ద్రాక్ష తోటలు చూసినట్టే కాదంటాడు అన్న. అంత దూరం కూర్చోలేను, అక్లూజ్ పోయి వద్దాం చాలు అంటుంది మా ఆవిడ. మీరు ఏమంటారు?

దెగ్లూర్ స్టీరింగ్

తమ్మీ, పద్దెనిమిదేళ్ళుగా బండి నడుపుతున్నా. నువ్వు రాసినదాంట్లో నెమ్మది ఎక్కడుందో నాకు కనపడలేదు. నాసిక్ నాలుగు వందల కిలోమీటర్లు. అక్కడ తిరుగుడు, పుణె మీదుగా దిగుడు, రోటీ, అక్లూజ్, ఇల్లు, అన్నీ కలిపితే వెయ్యి దాటుతుంది. ఐదు రోజుల్లో మూడు రోజులు నీ చేతిలో స్టీరింగే ఉంటుంది.

ఇంకో సంగతి ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెప్తా. ఫిబ్రవరి అంటే చెరకు సీజన్. కరమాళా, ఇందాపూర్, అక్లూజ్ చుట్టూ రోడ్ల నిండా చెరకు ట్రాక్టర్లే. ఒక్కో ట్రాక్టర్‌కు రెండేసి ట్రాలీలు, వెనక లైటు ఉండదు, రిఫ్లెక్టర్ ఉన్నా చెరకు ఆకు కిందికి వేలాడి కప్పేస్తుంది. ఓసారి కరమాళా దాటాక రాత్రి ఎనిమిదింటికి ఎదుటి బండి హెడ్‌లైట్ కళ్ళలో పడింది. అది పక్కకు పోయేసరికి నా ముందు నల్లటి గోడ. బ్రేక్ మీద నిలబడ్డా. బండి ఆగింది గానీ చెరకు గడలు మూడు అద్దం పగలగొట్టుకుని లోపలికి వచ్చాయి. ఒకటి స్టీరింగ్ మీద ఉన్న నా చేతికి జానెడు దూరంలో ఆగింది. ఆ రోజు నుంచి చెరకు కాలంలో పొద్దు గుంకాక ఆ రోడ్ల మీద బండి తియ్యను. నువ్వూ తియ్యకు. సాయంత్రం ఆరింటికి బండి ఎక్కడుందో అక్కడే పడుకోవాలి.

మూడోది, నడిపేవాడు తాగకూడదు. కొంచెం రుచి చూస్తే ఏమవుతుంది అనుకోకు. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 185 కింద కేసు. మొదటిసారికే ఆరు నెలల దాకా జైలు, లేదా పది వేల జరిమానా, లేదా రెండూ. టేస్టింగ్‌లో రుచి చూడటానికి పోసేవి చిన్న చిన్న పోతలే, కానీ ఐదారు రకాలు కలిస్తే నిండు గ్లాసవుతుంది. అట్లాంటివి రోజుకు మూడు అంటున్నావు.

నాందేడ్ కారు

దెగ్లూర్ అన్న మాట ట్రాక్టర్ల విషయంలో నూటికి నూరు పాళ్ళూ నిజం. కానీ ఆయన మాట విని నాసిక్ మానుకోవద్దు. నేను నాసిక్ నాలుగుసార్లు పోయొచ్చా. మన దేశంలో వైన్ అనేది జనం నోట నానిందే అక్కడి నుంచి. సూలా వైనరీ 1999లో మొదలైంది, దాని చుట్టూ గంగాపూర్ డ్యామ్ వైపు యార్క్, సోమా, అటు దిండోరీ, ఇటు ఇగత్‌పురి దగ్గర వలోనే. ఒకదానికొకటి పోలిక ఉండదు. నాసిక్ వైన్‌కు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. అక్కడ చలికాలం రాత్రుళ్ళు బాగా చల్లబడతాయి. పగలు ఎండకు పండులో తీపి ఎక్కుతుంది, రాత్రి చలికి పులుపు నిలబడుతుంది. వైన్‌కు ఆ రెండూ కావాలి. మన సోలాపూర్ వేడిలో అది కష్టం.

ఐదు రోజులుంటే ఐదూ నాసిక్‌కే ఇవ్వండి. రైలెక్కి పోయి అక్కడ డ్రైవర్‌తో కారు మాట్లాడుకోండి. అప్పుడు నలుగురూ రుచి చూడొచ్చు.

ధర్మాబాద్ వదిన

మేం డిసెంబర్‌లో శని ఆదివారాలు చూసుకుని నాసిక్ పోయి తప్పు చేశాం. గంగాపూర్ రోడ్డు మీద ముంబయి, పుణె కార్లు బారులు తీరి ఉన్నాయి. ఒక పెద్ద తోటకు ముందే డబ్బు కట్టి బుక్ చేసుకున్నా గంటకు పైగా నిలబడ్డాం. లోపల డీజే పాటలు. గైడ్ ఇరవై మందిని వెంటేసుకుని ట్యాంకులు చూపించి పది నిమిషాల్లో బయటికి పంపేశాడు. తీగను ముట్టుకున్నది లేదు. మా అత్తగారు ఇంతేనా అని అడిగితే నాకు ఏడుపొచ్చింది. పోతే మంగళ, బుధవారాలు పోండి. లేదంటే మీ ఆవిడ మాటే వినండి.

సిరొంచ ప్రాణహిత

నా మాట మీకెవ్వరికీ నచ్చకపోవచ్చు, అయినా అంటా. మాది గడ్చిరోలి జిల్లా. 1993 నుంచి దారూబందీ, అంటే మద్యనిషేధం. అది ఊరికే రాలేదు, ఆడవాళ్ళు ఊరూరా కూడి తెచ్చుకున్నది. పక్క చంద్రపూర్‌లో 2015లో తెచ్చుకున్నారు, 2021లో సర్కారే ఎత్తేసింది. 2022లో సూపర్ మార్కెట్లలో వైన్ అమ్మొచ్చని ముంబయిలో మంత్రివర్గం నిర్ణయం తీసుకుంటే అణ్ణా హజారే దీక్షకు కూర్చుంటానన్నారు, గుర్తుందా? అమ్మొచ్చన్నవాళ్ళు అప్పుడు చెప్పిన మాట ఇది: వైన్ మద్యం కాదు, పండు, రైతుకు మంచిది.

మా నాన్న తాగుడు చూసినదాన్ని. పాతికేళ్ళ కాపురానికి పండగ చేసుకోవడం మంచిదే, చేసుకోండి. కానీ ఆ పండగ గ్లాసు చుట్టూనే ఎందుకు తిరగాలి? పైగా మీరు పోయే దారి ఏదో చూసుకున్నారా? రోటీ, బారామతి, ఇందాపూర్, అక్లూజ్, పండరీపురం. పండరీపురానికి తుకారాం మహరాజ్ పాల్కీ (పల్లకీ యాత్ర) నడిచే దారి అది.

నన్నజ్ పందిరి

ఇంతసేపూ చదువుతూ కూర్చున్నా, ఇప్పుడు చెప్తా. మాది సోలాపూర్‌కు కూతవేటు దూరంలో నన్నజ్. మా తాత కాలంలో ఇంటి మాట తెలుగు, తోట మాట మరాఠీ, ఇప్పటికీ అంతే. నాలుగెకరాల ద్రాక్ష. మనం బజార్లో కొనే సోనాకా అనే పొడుగు ద్రాక్ష మా ఊళ్ళోనే పుట్టింది. థాంసన్ అనే రకం తీగల్లో ఒక కొమ్మకు కాయ వేరేగా వస్తే, నానాసాహెబ్ కాళే గారు దాన్ని గుర్తుపట్టి పెంచారు. కాబట్టి వేడి సోలాపూర్‌లో ద్రాక్ష ఏమిటి అని ఎవరన్నా అంటే నాకు మనసు చివుక్కుమంటుంది. నాందేడ్ అన్నా, రాత్రి చలి గురించి మీరన్నది నిజమే, కాదనను. అయినా అక్లూజ్‌లో ఇటలీ నుంచి వచ్చిన అన్నదమ్ములు, ఢిల్లీ అన్నదమ్ములు, ఇక్కడి మోహితే పాటిల్ అన్నదమ్ములు కలిసి తోటలు వేశారు. ఆ వైనరీ పేరు ఫ్రాటెల్లీ, ఇటలీ భాషలో అన్నదమ్ములనే అర్థం. ఇటలీ రకం సాంజోవేసే తీగను మన చెరకు పొలాల మధ్య పెంచుతున్నారు. అది చూడటానికి నాలుగు వందల కిలోమీటర్లు పోనక్కర్లేదు. మనకు నూట పదిహేను, అంతే.

ఇక నెమ్మది సంగతి. నా దృష్టిలో ఎన్ని వైనరీలు చూశామన్నది లెక్క కాదు. ఒక్క తోటలో పొద్దున్న ఒకసారి, సాయంత్రం ఒకసారి నిలబడ్డామా లేదా అన్నదే లెక్క. ఎందుకో చెప్తా. మేం తినే ద్రాక్ష వేస్తాం, పందిరికి ఎక్కిస్తాం, గుత్తి తల మీద వేలాడుతుంది. వైన్ తోటలో తీగ కంచెలాగా నిలువు వైర్ల మీద ఉంటుంది, గుత్తి మోకాలి ఎత్తున, కాయ బఠాణీ గింజంత, తోలు మందం, లోపల గింజలు. నోట్లో వేసుకుంటే బాగుండదని చాలామంది ఉమ్మేస్తారు. ఉమ్మొద్దు. గింజను కొరికి చూడండి. పచ్చగా ఉండి వగరు కొడితే కాయ ఇంకా రాలేదు. గోధుమ రంగుకు తిరిగి పటుక్కుమని వేయించిన గింజలా విరిగితే కోతకొచ్చినట్టు. అక్కడ పనిచేసేవాళ్ళు తీపి కొలిచే మీటర్ కూడా చూపిస్తారు: అద్దం మీద ఒక చుక్క రసం పిండి, మూత వేసి, ఎండ వైపు పెట్టి ఒంటి కన్నుతో చూస్తే నీలం, తెలుపు కలిసే గీత కనపడుతుంది. ఆ గీత అంకెల మీద ఎక్కడుందో అదే తీపి. మాకు పద్దెనిమిది వస్తే కోసేస్తాం. వాళ్ళు ఇరవై రెండు, ఇరవై మూడు దాకా ఆగుతారు. ఆ ఆగడంలో ఒక్క వాన పడితే, వడగళ్ళు పడితే, ఏడాది కష్టం నేలపాలు. ఏప్రిల్‌లో ఒక ఛాటణీ (కత్తిరింపు), అక్టోబర్‌లో ఒక ఛాటణీ, రెండుసార్లు కత్తిరించి పన్నెండు నెలలు సాకిన తీగ అది. పదిహేను మంది గుంపులో పది నిమిషాలు నడిస్తే ఇదంతా ఎట్లా తెలుస్తుంది?

సిరొంచ అక్కా, మీ బాధను నేను కొట్టిపారేయను. వైన్ మద్యమే. అందులో పన్నెండు, పదమూడు శాతం ఆల్కహాల్ ఉంటుంది, పండ్ల రసమని చెప్పి ఎవరినీ మభ్యపెట్టకూడదు. రైతు పేరు అడ్డం పెట్టుకుని అమ్మేవాళ్ళ మీద నాకూ కోపమే. కానీ తోట చూడటం వేరు, తాగడం వేరు. మా అమ్మ జన్మలో చుక్క ముట్టలేదు, అక్లూజ్ తోటలో మూడు గంటలు తిరిగి ఏ తీగకు ఏ తెగులో కూలీలతో మాట్లాడి వచ్చింది. పాల్కీ ఆషాఢంలో నడుస్తుంది, అప్పుడు తీగల మీద ఒక్క కాయ ఉండదు. ఆ దారి గురించి మీరు అన్నది మాత్రం నా మనసులో ఉండిపోయింది.

సిరొంచ ప్రాణహిత

మీ అమ్మగారిలా పోయేట్టయితే నాకు పేచీ లేదు. టేస్టింగ్ మాట మీద మాత్రం నా మాట మారదు.

నాందేడ్ కారు

నన్నజ్ అన్నా, ఒక్క తోటలో రెండు పూటలు నిలబడటం బాగుంది. కానీ అక్లూజ్‌లో ఐదు రోజులు ఏం చేస్తారు? నాసిక్‌లో తోట విసుగొస్తే త్ర్యంబకేశ్వరం ఉంది, గోదావరి ఉంది. ఆడవాళ్ళు ఇద్దరున్నారు, వాళ్ళకేం కావాలో కూడా చూడాలి కదా.

ధర్మాబాద్ వదిన

ఆడవాళ్ళకు గుళ్ళే కావాలని ఎవరన్నారు? నాకు తీగ ముట్టుకోవాలని ఉండింది.

నన్నజ్ పందిరి

ఐదు రోజులూ అక్లూజ్‌లోనే ఉండమని ఎందుకంటాను? మొదటి రోజు మంగళవేఢా. జొన్నకు పేరున్న నేల అది, ఫిబ్రవరి మొదట్లో అయితే పచ్చి కంకులు నిప్పుల మీద కాల్చి అరచేతుల్లో నలిపి పెడతారు, మనం ఊచబియ్యం అంటామే, వీళ్ళ హుర్డా. శేంగా (పల్లీల) చట్నీతో తినాలి. ఆ రాత్రి పండరీపురం. కానీ భీష్మ ఏకాదశి చూసుకోండి, వీళ్ళకు అది మాఘీ వారీ, అంటే మాఘమాసపు పండరి యాత్ర, ఆ మూడు నాలుగు రోజులు పండరీపురంలో కాలు పెట్టడానికి చోటుండదు. రెండో రోజు, మూడో రోజు అక్లూజ్, అక్కడే రెండు రాత్రులు. చెప్పకుండా పోతే లోపలికి రానివ్వరు, ముందే ఫోన్ చెయ్యండి. నాలుగో రోజు తెల్లవారకముందే లేచి ఉజనీ డ్యామ్ నీళ్ళ దగ్గర భిగ్వణ్, చలికాలంలో అక్కడికి రాజహంసలు (ఫ్లెమింగోలు) దిగుతాయి. రోటీ ఘాట్ తోట వదిలెయ్యండి. ఐదో రోజు ఏమీ పెట్టుకోకండి.

దెగ్లూర్ స్టీరింగ్

ఇది నడపదగిన ప్లాన్. భిగ్వణ్ చూసి ఇల్లు చేరే రోజు తప్ప రోజుకు నూటయాభై కూడా దాటదు. భిగ్వణ్ రోజు మాత్రం తెల్లారాకే బండి తియ్యి తమ్మీ, చీకట్లో వద్దు, పక్షులు ఎక్కడికీ పోవు. రెండు సీసాలు కొంటే మధ్యాహ్నం డిక్కీలో వదలకు. ఫిబ్రవరి ఆఖరుకే మనకు 35 డిగ్రీలు, మూసిన కారులో ఇంకా ఎక్కువ. ఉడికి పాడవుతుంది.

పూర్వభాగ్ టవల్

అందరికీ రుణపడి ఉన్నా. నిన్న రాత్రి ఇదంతా ఇంట్లో పైకి చదివి వినిపించా. అన్నకు ఇంకా నాసిక్ మీదే మనసు, వచ్చే ఏడు తనే రైలు టికెట్లు తీస్తానన్నాడు. సిరొంచ అక్క రాసింది చదువుతుంటే వదిన లేచి లోపలికి పోయింది. వాళ్ళ పుట్టింట్లోనూ అదే కథ, నేనే మర్చిపోయా. కాబట్టి టేస్టింగ్ బుక్ చెయ్యట్లేదు, తోట మాత్రం చూస్తాం. అన్నకు కావాలంటే గదికి వచ్చాక రాత్రి ఆయన ఇష్టం. నేను నడుపుతా, ముట్టను.

మా ఆవిడ ఒక్కటే అడిగింది. ఐదో రోజు ఏమీ లేదన్నారు కదా, ఆ రోజు నన్నజ్ తోట చూడొచ్చా అని.

నన్నజ్ పందిరి

రండి. ఆ వారం మా కోత ఉంటుంది. ఎండెక్కితే కాయ మెత్తబడుతుంది, కాబట్టి తొమ్మిదికల్లా కత్తెరలు ఆపేస్తాం. ముందు రోజు సాయంత్రానికే ఇల్లు చేరి పడుకుని, తెల్లగా తెల్లారాక బయలుదేరినా మీకు అరగంట దారి. వదినగారిని కూడా తీసుకురండి, మా అమ్మ భాకరీ (జొన్నరొట్టె) చేస్తుంది. గుత్తిని తొడిమ పట్టుకునే కొయ్యాలి, కాయ మీద తెల్లటి పొడి చెరగకూడదు. ఆ ఒక్కటీ ముందే చెప్పి ఉంచండి.