ఆడియో కంపెనీలు పాటలు కొనేవారి మాట వింటాయా?

చరణం_మూడు అడిగిన ప్రశ్న:

చాలా కాలంగా నన్ను వేధిస్తున్న సందేహం ఇది. మా నాన్నగారు కొన్న ప్రతి క్యాసెట్ పెట్టెలోనూ మడతలు పెట్టిన ఒక కార్డు ఉండేది. ఏ పాట ఎవరు రాశారో, ఎవరెవరు పాడారో అందులో వరుసగా అచ్చువేసి ఉండేది కనుక, పాట వింటూనే ఆ పేర్లన్నీ నాకు నోటికి వచ్చేశాయి. ఇప్పుడు నెలనెలా డబ్బు కట్టి వాడుతున్న యాప్‌లో అవే పాటలు తెరిస్తే చాలావాటికి రచయిత పేరు కనిపించదు. కొన్నిచోట్ల సంగీత దర్శకుడి పేరు గాయకుడి స్థానంలో ఉంటుంది. ఒకే పాట మూడు రకాల స్పెల్లింగులతో మూడుచోట్ల దొరుకుతుంది.

ఇంకొక బాధ కూడా ఉంది. నాకు ఇష్టమైన ఒక పాత పాటకు సినిమాలో మూడు చరణాలు ఉండగా, యాప్‌లో రెండే ఉన్నాయి. ఆ హక్కులున్న కంపెనీకి రెండుసార్లు మెయిలు రాస్తే, మీ సందేశం అందిందన్న యాంత్రికమైన జవాబు తప్ప మరేమీ రాలేదు. వినేవారికి ఏం కావాలో తెలుసుకునే ఏర్పాటు ఈ కంపెనీలకు అసలు ఉంటుందా?

నేపథ్యం_వినేవాడు:

మీ ప్రశ్నలో "కొనేవారు" అన్న మాట దగ్గరే చిక్కు ఉందండీ. క్యాసెట్ రోజుల్లో మీ నాన్నగారు దుకాణంలో డబ్బు ఇచ్చి సరుకు తీసుకునేవారు, ఆ డబ్బులో కొంత కంపెనీకి చేరేది కనుక ఆయన నిజంగానే కొనుగోలుదారు. ఇప్పుడు కంపెనీ నిర్మాత దగ్గర సినిమా ఆడియో హక్కులను కొంటుంది, ఆ తర్వాత వాటిని యాప్‌లకూ టీవీ ఛానెళ్లకూ లైసెన్సుకు ఇస్తుంది, యూట్యూబ్ ప్రకటనల మీద వాటా తీసుకుంటుంది, ఒకప్పుడు కాలర్ ట్యూన్ల మీద కూడా బాగానే సంపాదించింది. ఈ వరుసలో మీరూ నేనూ ఎక్కడా కంపెనీకి ఎదురుపడము. మనం చందా కట్టేది యాప్‌కు. కాబట్టి కంపెనీ చెవి పెట్టి వినేది నిర్మాత మాట, హీరో మార్కెట్ మాట, యాప్ పంపే వినికిడి లెక్కల మాట. ఆ లెక్కల్లో ఏ పాటను ఎన్నిసార్లు విన్నారో తెలుస్తుంది కానీ, రచయిత పేరు కనబడక మీరు విసుక్కున్నారన్న సంగతి తెలియదు.

పాటలను విడివిడిగా అమ్మే ప్రయత్నం మన దేశంలోనూ జరిగింది. 2012 ఫిబ్రవరిలో ఫ్లిప్‌కార్ట్ సంస్థ "ఫ్లైట్" అనే పేరుతో ఎంపీత్రీ పాటల దుకాణం తెరిచి, 2013 జూన్‌లో మూసేసింది.

పాతరికార్డుల_పెట్టె:

పైన చెప్పినది నిజమే కానీ, కొనుగోలుదారు ఎదురుగా నిలబడిన రోజుల్లో కంపెనీలు ఆయన మాట విన్నాయని మాత్రం అనుకోకండి. ఎనభైలలో మా ఊళ్లో ఒక రికార్డింగ్ సెంటర్ ఉండేది. నోటుపుస్తకంలోంచి చింపిన కాగితం మీద ఏ సైడుకు ఆరు పాటలు, బి సైడుకు ఆరు పాటలు రాసి, ఒక ఖాళీ అరవై నిమిషాల క్యాసెట్‌తో పాటు ఇస్తే, ఆయన ఎల్పీల (పెద్ద గ్రామఫోన్ రికార్డుల) నుంచి ఆ వరుసలోనే ఎక్కించి రెండు రోజుల్లో ఇచ్చేవాడు. చివర్లో అర నిమిషం టేపు మిగిలితే అందులో ఏదో ఒక పల్లవి కూడా వేసేవాడు! అది చట్టప్రకారం తప్పే. కానీ జనానికి కావలసింది తాము కోరుకున్న పాటలు, తాము భరించగలిగిన ధరలో. ఆ సంగతి రికార్డు కంపెనీ హెచ్ఎంవీ కంటే ఆ దుకాణదారుకు ముందే తెలిసింది. టీ సిరీస్ గుల్షన్ కుమార్ చవక క్యాసెట్లను పాన్ డబ్బాల దాకా చేర్చి ఎదిగింది కూడా ఈ ఖాళీలోనే. అమెరికాలో యాపిల్ ఒక్కొక్క పాటను 99 సెంట్లకు అమ్మడం మొదలుపెట్టింది 2003లో కదా, మా రికార్డింగ్ సెంటర్ దాదాపు ఇరవై ఏళ్లు ముందుందన్నమాట.

ఇక మీ మూడో చరణం సంగతి. పది అంగుళాల 78 స్పీడు రికార్డులో ఒక పక్కన మూడు మూడున్నర నిమిషాలకు మించి పట్టేది కాదు కనుక, పొడవైన పాటను రెండు పక్కలకు విరిచేవారు, లేదంటే ఒక చరణాన్ని రికార్డులోంచి తీసేసేవారు. ఆడియో కంపెనీ దగ్గర భద్రంగా ఉన్నది ఆ రికార్డు తాలూకు మాస్టర్ (అసలు ప్రతి) మాత్రమే అయితే, తీసేసిన చరణం సినిమా ప్రింటు మీది సౌండ్ ట్రాక్‌లో తప్ప మరెక్కడా ఉండదు. స్టూడియోలో పాటను తీసిన మ్యాగ్నెటిక్ టేపులు ఖరీదైనవి కనుక, చాలాచోట్ల వాటిని చెరిపి మళ్లీ వాడుకున్నారు. మీ మెయిలు చదివినా వాళ్లు ఇవ్వగలిగింది ఏమీ లేకపోయి ఉండవచ్చు. జవాబైనా ఇవ్వవలసిందన్న మాట వేరు.

రెండో_తీగ:

మీ ఇద్దరితోనూ కొంత విభేదిస్తున్నాను. అదే హెచ్ఎంవీ 2000లో సారెగమగా పేరు మార్చుకుని, 2017లో కారవాన్ అనే పెట్టెను తెచ్చింది. చూపుకు పాత రేడియోలా ఉండి, 5,000 హిందీ పాటలు ముందే నింపి ఉన్న ఆ పెట్టె, పాట కోసం వెతకడమూ యాప్ దించుకోవడమూ తలనొప్పిగా భావించే పెద్దవాళ్ల కోసం చేసినది. మా అమ్మ మీట తిప్పి గాయకుణ్ణి ఎంచుకున్నప్పుడు ఆమె ముఖంలో కనిపించిన తేలిక నాకు ఇంకా గుర్తు. బాహుబలి రీరికార్డింగ్ (నేపథ్య సంగీతం) కోసం అభిమానులు అడగ్గా అడగ్గా, లహరి సంస్థ దాన్ని విడతలుగా విడుదల చేసింది. అమెరికాలో కథ ముగిసిందనుకున్న ఎల్పీలు 2022లో 4.1 కోట్లు అమ్ముడై, 3.3 కోట్ల సీడీలను దాటేశాయి. 1987 తర్వాత అలా జరగడం అదే మొదటిసారి.

నేపథ్యం_వినేవాడు:

మీరు చెప్పిన కారవాన్‌లోనూ, ఎల్పీలోనూ మనిషి దుకాణానికి వెళ్లి డబ్బు ఇచ్చి వస్తువు తెచ్చుకుంటున్నాడు, గమనించారా? కొనుగోలుదారు మళ్లీ కనిపించగానే కంపెనీకి వినికిడి తిరిగి వచ్చింది. బాహుబలి విషయంలో మాత్రం మీ వాదనకే తలవంచుతాను, అక్కడ జనం కేవలం అడిగి సాధించుకున్నారు. రచయితల పేర్ల విషయంలో కూడా అదే పద్ధతి పనిచేయవచ్చు, ఎందుకంటే కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ తర్వాత పాట రచయితకు రాయల్టీలో వాటా చట్టబద్ధమైన హక్కు అయింది, పేరు సరిగా నమోదు కాకపోతే ఆ వాటా లెక్క కూడా తప్పుతుంది. రాసేవారు కేవలం శ్రోతగా కాకుండా ఈ కోణం చూపిస్తూ రాస్తే, అవతలివారు పట్టించుకునే అవకాశం కొంత ఎక్కువ.

చరణం_మూడు:

అందరికీ కృతజ్ఞతలు. రాత్రి ఆ సినిమా డీవీడీ పెట్టి మూడో చరణాన్ని హెడ్‌ఫోన్స్‌తో మళ్లీ విన్నాను. గాయని గొంతు వెనకాల నాయిక గాజుల చప్పుడు, చివరి పాదంలో ఎవరో తలుపు తోసిన శబ్దం స్పష్టంగా ఉన్నాయి. అది పాట రికార్డింగ్ కాదు, సినిమా ట్రాకేనని అప్పుడు అర్థమైంది. నాన్నగారి క్యాసెట్ కార్డులన్నీ ఈ ఆదివారం ఫొటోలు తీసి, పేర్లు తప్పున్న పాటల పట్టికతో కలిపి కంపెనీకి మూడో మెయిలు పంపుతున్నాను.