పాత ప్రజా భవనం: పడగొట్టి కట్టాలా, మలచుకోవాలా?

చర్చ ప్రారంభకుడు:

పిల్లలు తగ్గిపోయిన బడి, రైళ్లు ఆగని స్టేషను, పని పలచబడిన తపాలా కార్యాలయం వంటివి మూతపడినప్పుడు, వాటిని పడగొట్టి ఆ స్థలంలో కొత్త భవనం కట్టడం మేలా, లేక ఉన్నదాన్నే గ్రంథాలయంగానో, వృద్ధుల పగటి కేంద్రంగానో, శిక్షణ కేంద్రంగానో మార్చుకోవడం మేలా అన్నది నేను చర్చకు పెడుతున్న ప్రశ్న. నాది రెండో పక్షం. పారిస్‌లోని ఓర్సే స్టేషను 1900లో ప్రారంభమైంది. విద్యుత్ రైళ్ల పొడవు పెరిగేసరికి ప్లాట్‌ఫారాలు చాలక, 1939 నాటికే దూరప్రయాణపు రైళ్లు అక్కడికి రావడం మానేశాయి. దాన్ని పడగొట్టి హోటలు కట్టాలన్న ప్రయత్నమూ జరిగింది. అయినా ఆ కట్టడం నిలబడి, 1986లో మ్యూజియంగా తెరుచుకుంది. దూరప్రయాణపు స్టేషనుగా అది పనిచేసింది నలభై ఏళ్లలోపే. మ్యూజియంగా ఇప్పటికే దాదాపు అంతకాలం గడిచింది.

అంత ప్రసిద్ధి లేని భవనాలకూ ఇది వర్తిస్తుంది. ఫ్రాన్సులోనే బోర్డో నగరంలో 1960లలో కట్టిన మూడు ప్రభుత్వ గృహ సముదాయాలలోని 530 ఇళ్లను లకటాన్, వాసల్ అనే వాస్తుశిల్పులు పడగొట్టకుండా, గోడల వెలుపల అద్దాల వరండాలు జోడించి విశాలం చేశారు. పని జరిగినంత కాలం కుటుంబాలు ఆ ఇళ్లలోనే ఉన్నాయి. ఒక భవనాన్ని కూల్చినప్పుడు దాని సిమెంటుకూ ఉక్కుకూ ఒకసారి ఖర్చైన ఇంధనమంతా వృథా అవుతుంది, కొత్తదానికి మళ్లీ అంతా ఖర్చు పెట్టాలి. ఈ లెక్కను మనం ఎందుకు చూడడం లేదన్నదే నా బాధ.

నిర్మాణ ఇంజినీరు:

మీ ఉద్దేశం మంచిది, కానీ మీరు ఎంచుకున్న మొదటి ఉదాహరణ మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. ఓర్సే రాతితో, ఉక్కుతో కట్టినది. మన ముందుకు వచ్చే ప్రజా భవనాలలో ఎక్కువ భాగం కాంక్రీటువి, వాటి ముసలితనం వేరు. కొత్త కాంక్రీటులో క్షారగుణం ఎక్కువ కనుక లోపలి ఇనుప చువ్వలకు ఒక రక్షక పొర ఏర్పడుతుంది. గాలిలోని బొగ్గుపులుసు వాయువు ఏళ్ల తరబడి లోపలికి ఇంకుతూ ఆ క్షారగుణాన్ని తగ్గిస్తుంది; ఆ మార్పు చువ్వల దాకా చేరిన రోజున, తేమ కూడా తోడైతే, తుప్పు మొదలవుతుంది. తుప్పు పట్టిన ఇనుము అంతకుముందు కన్నా చాలా ఎక్కువ చోటు ఆక్రమించి కాంక్రీటును లోపలి నుంచి పగలగొడుతుంది. పైకప్పు నుంచి పెచ్చులూడడమంటే ఇదే. దానికి సిమెంటు పూసి సున్నం వేసినంత మాత్రాన లోపలి జబ్బు ఆగదు.

దీన్ని తెలుసుకునే పరీక్షలు కష్టమైనవి కావు. కాంక్రీటును కొద్దిగా చెక్కి ఫినాల్ఫ్తలీన్ ద్రావణం చల్లితే క్షారగుణం మిగిలి ఉన్న భాగం గులాబీ రంగుకు తిరుగుతుంది, పోయిన భాగం రంగు మారదు; ఆ రంగులేని పొర లోతును, చువ్వలను కప్పి ఉన్న కాంక్రీటు పొర (కవరు) మందంతో పోల్చి చూస్తారు. వీటితో పాటు ధ్వని తరంగాలు పంపి చూసే అల్ట్రాసోనిక్ పరీక్ష చేసి, కొన్ని చోట్ల కాంక్రీటును గుండ్రంగా తొలిచి కోర్ నమూనాలు తీసి నలగ్గొట్టి చూస్తే స్తంభాలు, దూలాల స్థితి చాలావరకు తేలుతుంది. ఈ నివేదిక చేతికి రాకముందే ఇందులో ఏం పెడదామని సభలు పెట్టడం, జనంలో ఆశలు పెంచడం న్యాయం కాదు. పనికిరాదని తేలిన భవనం గురించి ఊరంతా కలలు కన్న తరువాత దాన్ని పడగొట్టమని చెప్పవలసి వచ్చినవాణ్ని నేను.

గ్రంథపాలకురాలు:

ఇంజినీరు గారి మాటను గౌరవిస్తూనే వరుస మార్చమని కోరుతున్నాను. పరీక్షలకన్నా ముందు అడగవలసిన ప్రశ్న, ఆ చుట్టుపక్కల బతుకుతున్నవారికి ఏం కావాలన్నది. న్యూయార్క్‌లో వాడకం ఆగిపోయిన ఎత్తయిన సరుకు రైలు మార్గాన్ని హైలైన్ అనే ఉద్యానంగా మార్చి 2009లో తెరిచారు. అందం విషయంలో దాన్ని తప్పు పట్టేవారు తక్కువ. అయితే చుట్టుపక్కల ఆస్తుల విలువలు ఆకాశాన్నంటాయి. పక్కనే ప్రభుత్వ గృహాలలో ఉండే కుటుంబాలు అది తమది కాదనుకున్నాయి. ఆ మార్గాన్ని ఉద్యానంగా మార్చాలన్న ఉద్యమాన్ని ప్రారంభించిన ఇద్దరిలో ఒకరైన రాబర్ట్ హ్యామండ్, రూపకల్పన ఎలా ఉండాలని అడిగే బదులు మీకు మేమేం చేయగలమని అడిగి ఉండవలసిందని 2017లో బహిరంగంగా ఒప్పుకున్నారు. ఆ ఒప్పుకోలును నేను చాలా గౌరవిస్తాను, కానీ అది ఉద్యానం తెరిచిన ఎనిమిదేళ్లకు వచ్చింది.

నెదర్లాండ్స్‌లోని టిల్‌బర్గ్‌లో రైలింజన్ల షెడ్డును 2019లో గ్రంథాలయంగా మార్చారు. అంత ఎత్తయిన హాలును పెద్ద పెద్ద గుడ్డ తెరలతో అవసరాన్ని బట్టి విభజించుకుంటారు: ఒకరోజు ఉపన్యాసానికి, మరొకరోజు నిశ్శబ్దంగా చదువుకోవడానికి. ముందు వాడకం తెలిస్తేనే ఇలాంటి ఆలోచన పుడుతుంది. కాబట్టి భవనాన్ని నడపబోయేవారు మొదటి సమావేశం నుంచే ఉండాలి, తాళాలు అందుకునే రోజున వచ్చి కూర్చుంటే చాలదు.

విశ్రాంత పురపాలక ఉద్యోగి:

నేను కూల్చివేత పక్షాన మాట్లాడతాను, ఎందుకంటే ఇక్కడ ఎవరూ మాట్లాడడం లేదు. కూల్చివేతను సమర్థించేవారందరూ స్థలం కబ్జా చేయాలనుకునేవారు కారు. మూడడుగుల అరుగు మీద ఉన్న పాత కార్యాలయానికి చక్రాల కుర్చీ వెళ్లాలంటే, అడుగుకు పన్నెండడుగుల వాలు చొప్పున ముప్పై ఆరు అడుగుల ర్యాంపు, మధ్యలో ఆగే చోటు కావాలి. చాలా భవనాల ముందు అంత జాగా ఉండదు. పైకప్పులో ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్‌బెస్టాస్ నార ఉంటే దాన్ని పొడి లేవకుండా, తగిన రక్షణతో తీయించాలి. ఇరుకైన ఒకే ఒక్క మెట్లదారి ఉన్న అంతస్తులో వృద్ధులను కూర్చోబెడితే అగ్నిప్రమాదం నాడు ఎవరు జవాబు చెబుతారు?

ఇంధనం లెక్క కూడా ఏకపక్షం కాదు. అమెరికాలోని నేషనల్ ట్రస్ట్ ఫర్ హిస్టారిక్ ప్రిజర్వేషన్ అనే పాత కట్టడాల పరిరక్షణ సంస్థ 2011 నాటి అధ్యయనంలో, సగటు పాత భవనం కన్నా 30 శాతం తక్కువ ఇంధనం వాడే కొత్త భవనం సైతం తన నిర్మాణంలో చేసిన వాతావరణ నష్టాన్ని పూడ్చుకోవడానికి, భవనం రకాన్ని బట్టి, 10 నుంచి 80 ఏళ్లు పడుతుందని తేలింది. అది మీకు అనుకూలమే. కానీ గిడ్డంగిని నివాస గృహాలుగా మార్చిన సందర్భంలో మాత్రం ఆ లాభం కనబడలేదు, ఎందుకంటే ఆ మార్పుకే కొత్త సామగ్రి అంతగా ఖర్చయింది. ఎంత మార్చాలన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది.

చర్చ ప్రారంభకుడు:

గిడ్డంగి సంగతి నేను పరిగణించలేదు, ఒప్పుకుంటున్నాను. భవనం స్వభావానికి దగ్గరగా ఉండే వాడకాన్నే వెతకాలన్న పాఠం అందులో ఉంది: బడి శిక్షణ కేంద్రమైతే గోడలు పెద్దగా కదలనవసరం లేదు, అదే బడిని ఆసుపత్రి చేయాలంటే నీటి గొట్టాల దగ్గర నుంచి లిఫ్టు దాకా అంతా కొత్తగా వేయాలి. అయితే ఇంజినీరు గారిని ఒకటి అడుగుతాను. వాడకం ఏదో తెలియకుండా భవనం గట్టిదా కాదా అని మీరు చెప్పగలరా?

నిర్మాణ ఇంజినీరు:

పూర్తిగా చెప్పలేను. చువ్వల తుప్పు, కాంక్రీటు బలం చెప్పగలను, కానీ సరిపోతుందా అన్నది దేనికి అన్నదాన్ని బట్టే ఉంటుంది. భవనాలు ఎంత బరువు మోయాలో చెప్పే మన భారతీయ ప్రమాణం ఐఎస్ 875 రెండో భాగం ప్రకారం తరగతి గది శ్లాబును చదరపు మీటరుకు 3 కిలోన్యూటన్ల, అంటే సుమారు 300 కిలోల, వాడకపు బరువుకు లెక్కగడతారు. పుస్తకాల బీరువాలుండే గదికి కనీసం 6 కావాలి. కాబట్టి బడి పై అంతస్తు మరో శిక్షణ కేంద్రానికి పనికివచ్చినా, పుస్తక భాండారానికి పనికిరాకపోవచ్చు, అప్పుడు బీరువాలను కింది అంతస్తులో పెట్టుకోవాలి. గ్రంథపాలకురాలు గారు వరుస మార్చమన్నది ఇందుకే సబబు. నా షరతు ఒక్కటే: పెచ్చులూడుతున్న భవనంలో ప్రాథమిక పరిశీలన అయ్యేదాకా సమావేశాలు కూడా లోపల పెట్టకండి.

విశ్రాంత పురపాలక ఉద్యోగి:

ఇలాగైతే నేను కొంత తగ్గుతాను. బెర్లిన్‌లో 2008లో మూసిన టెంపెల్‌హోఫ్ విమానాశ్రయాన్ని చూడండి. రన్‌వేలను దాదాపు అలాగే ఉంచి 2010లో ఉద్యానంగా తెరిచారు, అంచుల్లో కట్టడాలు వేయాలన్న ప్రణాళికను 2014లో ప్రజలు ఓటు వేసి తిరస్కరించారు. తక్కువ మార్పుతో మొదలుపెట్టి, జనం వాడి చూసిన తరువాత నిర్ణయించిన తీరు నాకు నచ్చింది.

కానీ ఒక పట్టు మాత్రం విడవను. నేను చూసిన ప్రతి శిథిల భవనమూ కప్పు మీద నీరు నిలిచినప్పుడు పట్టించుకునేవారు లేకనే పాడైంది. మార్పుకు ఒకసారి డబ్బు దొరుకుతుంది; ఏటేటా తూము శుభ్రం చేయడానికి, కిటికీలకు రంగు వేయడానికి, కాపలా మనిషి జీతానికి దొరకదు. ఆ పద్దు ఎవరి పేరున, ఎన్నేళ్లకు ఉంటుందో ప్రణాళిక మొదటి పేజీలో రాసి చూపించమనండి, అప్పుడు నేను కూల్చమని అడగను.