సొసైటీ లెక్కలు జనం ముందు పెట్టడం ఎలా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

అందరికీ నమస్కారం. మాది 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదైన చిన్న సంస్థ. ఊళ్లో లైబ్రరీ నడుపుతాం, పేద పిల్లలకు కాలేజీ ఫీజులు కడతాం. ఈమధ్యే నన్ను కార్యదర్శిగా ఎన్నుకున్నారు. ఏటా ఆడిట్ చేయించి రిజిస్ట్రార్‌కు పంపుతున్నాం. కానీ చందాలిచ్చిన ఊరివాళ్లు ఆ కాగితం ఎప్పుడూ చూడలేదు. అది నాకు బాధగా ఉంది, డబ్బు వాళ్లది కదా.

ఉపాధి హామీ పనులకు సోషల్ ఆడిట్‌లో చేసినట్టు, మా జమాఖర్చులు కూడా గ్రామసభలో చదివి వినిపించాలని నా కోరిక. కమిటీలో కొందరు లేనిపోని తగాదాలు వస్తాయంటున్నారు.

అసలు చిక్కు వేరే ఉంది. లైబ్రరీ బల్లలు మా కమిటీ సభ్యుడి బావమరిది షాపులో కొన్నాం. ధర సబబే, మూడు కొటేషన్లూ ఫైల్లో ఉన్నాయి. ఆ చుట్టరికం కూడా నోటీసు బోర్డు మీద రాయాలంటాను నేను. ఆయన నొచ్చుకుంటున్నారు. ఆయన్ని ఎలా ఒప్పించాలి?

ఇక ఫీజులు అందుకున్న పిల్లల పేర్లు. పెట్టకపోతే అనుమానం, పెడితే వాళ్లకు నామోషీ. కాలేజీ పేరు, కట్టిన మొత్తం, రసీదు నంబరు ఇస్తే సరిపోతుందా?

మీటింగుల మినిట్స్ మొత్తం బయటపెట్టాలా, తీర్మానాలు చాలా? మీ సంస్థల్లో ఎలా చేస్తున్నారో, వీలైతే నోటీసు నమూనాతో సహా చెప్పండి.